ఆరు వారాల నలుపు

రీడ్‌బాక్, 1776 మే 12

సెంజీ,

అక్క వాల్బుర్గా దీవెనలు. నీ మూట అందింది. కాఫీ గింజలు, కోటలో కాలి మిగిలిన మైనపువత్తుల ముక్కలు, మీ బావకి ఉన్ని టోపీ, అన్నీ భద్రంగా చేరాయి. కాఫీ కాచిన రోజు ఇరుగుపొరుగు వాళ్లంతా ఏదో పనున్నట్టు మా గుమ్మం ముందే తచ్చాడారు. నీ పుణ్యమా అని నేనూ ఒక్కపూట దొరసానినయ్యాను. ఎత్తుకుని పెంచిన చెల్లెలు రాణీగారి బట్టల గదిలో సూది పట్టుకుని కూచుందంటే ఈ ఊళ్లో నాకున్న మర్యాద ఇంతా అంతా కాదు.

ఇప్పుడు అసలు సంగతి. రాత కోడి కెలికినట్టుంటే సర్దుకుని చదువుకో. మొన్న ఊరిపెద్ద ఇంటి ముందు పడుచువాళ్లందరిచేతా సంచీలోంచి చిక్కుడు గింజలు తీయించారు. మన కిలియన్ చేతికి నల్లగింజ వచ్చింది. సముద్రం అవతల ఎవరితోనో యుద్ధమట, ఎవరో రాజుకి సైనికులు కావాలట. మన రాజుగారు ఆరువందల మందిని అద్దెకి ఇస్తున్నారట. అద్దెకి! బండికి ఎడ్లని ఇచ్చినట్టు! పెద్దరాజుగారి హయాంలో మన బ్లాసీ అన్నయ్యని ఇలాగే ఇచ్చారు. నువ్వు అప్పుడు పాలు తాగే పిల్లవి. తిరిగొచ్చింది ఒక కోటు గుండీ.

పెళ్లై కాపురం పెట్టినవాడిని పట్టుకెళ్లరని ఊరిపెద్దే చెప్పాడు. అఫ్రా ఎప్పుడంటే అప్పుడు సిద్ధం, వాళ్ల నాన్నా సరేనన్నాడు. మూడు ఆదివారాలు ఫాదర్‌గారు చర్చిలో పెళ్లి చాటితే చాలు, నా కొడుకు నాకు దక్కుతాడు. ఇంతలో ఈ గంటలేమిటే? రాణీగారి అమ్మమ్మ చెల్లెలెవరో ఆ కొండల అవతల పోయిందని ఇక్కడ ఆరు వారాలు రాజ్యమంతా నలుపేమిటి? ఫిడేలు మోగకూడదు, చాటింపు వేయకూడదు. ఆ ముసలావిడని మనమెవరం చూశామని?

నువ్వు రోజూ ఆవిడ ఒంటి కొలతలు తీసేదానివి. ఒక్కమాట అడుగు. మూడు ఆదివారాలు చాలు.

నీ అక్క,
వాల్బుర్గా


లారెన్‌బుర్గ్ కోట, మే 26

అక్కకి,

ముందు నీ చేతులకి దణ్ణం. అమ్మ పోయాక నన్ను వీపున కట్టుకుని చలువ మైదానంలో నారబట్టలు ఆరేసినదానివి. ఈ సూది పట్టడం నేర్పిందీ నువ్వే. ఇక్కడ వేసే ప్రతి కుట్టుకీ నిన్ను తలుచుకుంటాను. అందుకే ఈ ఉత్తరం రాయడం ఇంత కష్టంగా ఉంది.

నేను రాణీగారిని అడగలేను అక్కా. నలుపు ఆవిడ ఇష్టం కాదు, కోట మర్యాద. ఎవరికి ఎన్నాళ్లో పెద్ద పుస్తకంలో రాసి ఉంటుంది.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. నల్లరంగు గోళ్లలోంచి వదలడం లేదు. చేప నూనె రాస్తే పోతుందని వంటావిడ అంటే రాశాను, రంగు పోలేదు గానీ కోట పిల్లులన్నీ నా వెంట పడ్డాయి. నలుపు మీద నలుపు కుట్టడానికి కళ్లు చాలడం లేదు.

నీ ఉత్తరం మైనం కాస్త పగిలి వచ్చింది. బండి కుదుపులేమో. ఇకమీదట రాసేటప్పుడు నెమ్మదిగా, మామూలు సంగతులే రాయి.

కిలియన్‌కి మేజోళ్లు అల్లుతున్నాను.

నీ సెంజీ


రీడ్‌బాక్, జూన్ 23

సెంజీ,

ఈ ఉత్తరం దారాలమ్మే ఒట్టీలియాతో పంపుతున్నాను. బండికి ఇస్తే మైనం పగులుతోందని నువ్వేగా వంక పెట్టావు. నేను వేసిన మైనం ముప్పై ఏళ్లలో ఎప్పుడూ పగలలేదు. మామూలు సంగతులు రాయమంటావా? నా కొడుకుని ఓడెక్కిస్తారంటే అంతకంటే మామూలు సంగతి ఇంకేం కావాలి నీకు?

మొన్న శుక్రవారంతో ఆరు వారాలూ అయ్యాయని నేను పిడికిలంత వెన్నముద్ద పట్టుకుని ఫాదర్‌గారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ, "వాల్బుర్గా, ఇప్పుడే కబురొచ్చింది. రాణీగారి మేనమామ పోయారు. ఎనిమిది వారాలు" అన్నారు. వెన్న అక్కడే పెట్టి వచ్చాను. తినమను.

ఊళ్లో ఆవిడకి ఏం పేరు పెట్టారో తెలుసా? కాకిరాణి. మంత్రిగారు పాపం మంచివారు, ఈ నలుపు త్వరగా ఎత్తేయాలని ఆయనే అంటున్నారని ఊరిపెద్ద చెప్పాడు. ఆయనకున్న జాలి ఆవిడకి లేకపోయింది. కిలియన్ పొద్దున్నే దొడ్లో చీపురుకర్ర పట్టుకుని కవాతు చేస్తున్నాడు. "వాళ్లు కొట్టకముందే నేర్చుకుంటే మంచిదమ్మా" అని నవ్వుతాడు. మీ బావ చూడలేక మైదానానికి వెళ్లిపోతాడు.

దీంతోపాటు ఒక అర్జీ ఉంది. పదకొండుమంది తల్లులం వేలిముద్రలు వేశాం. నలుపు ఎత్తేయమని అడిగాం, అంతే. రాణీగారి చేతిలో పెట్టు. ఆవిడకి మనసు లేకపోయినా చదువు ఉంటుంది కదా.

వాల్బుర్గా


లారెన్‌బుర్గ్ కోట, జులై 14

అక్కా,

అర్జీ ఇవ్వలేదు. పొయ్యిలో వేశాను. ఎందుకని అడగకు. తిట్టు, పడతాను.

ఒక్కటి మాత్రం నింపాదిగా ఆలోచించు. నీకు మూడు ఆదివారాలు కావాలి. మిగతావాళ్లకి తమ పని చేసుకోవడానికి ఎంతసేపు కావాలి? ఇంతకంటే రాయను.

ఇక్కడ కొత్త సంగతులేం లేవు. రాణీగారి నల్లగౌను రవికెకి లోపలివైపు, గుండె దగ్గర, చిన్న సంచీ కుట్టమన్నారు. అరచేయంత. బయటికి కుట్టు కనబడకూడదన్నారు. మూడుసార్లు విప్పి కుట్టాను, నువ్వు చూస్తే మెచ్చుకునేదానివి.

కిలియన్‌కి మేజోళ్లు, అఫ్రాకి తెల్లని లేసు ముక్క పంపుతున్నాను. లేసు దాచిపెట్టమను. పనికొస్తుంది.

నీ సెంజీ


రీడ్‌బాక్, ఆగస్టు 18

క్రెసెన్స్,

సెంజీ అని పిలవడానికి నోరు రావడం లేదు.

గురువారం మేరీమాత పండుగ. ఎనిమిది వారాలూ ఆ రోజుతో సరి. మూలికల కట్టలు పట్టుకుని అందరం చర్చికి వెళ్లాం. ఆదివారం మొదటి చాటింపు అని ఫాదర్‌గారు మాటిచ్చారు. అఫ్రా నీ లేసు ముక్క తల మీద పెట్టుకుని చూసుకుంది కూడా. సాయంకాలం గంటలు మొదలయ్యాయి. పండుగ గంటలనుకుని మీ బావ టోపీ తీశాడు. ఎంతకీ ఆగవే! రాణీగారి తల్లి పోయిందట. మూడు నెలలు.

మూడు నెలలంటే నవంబరు. ఈలోగా ఎప్పుడు పిలుపొచ్చినా వాడు వెళ్లిపోతాడు, పెళ్లి లేకుండా, నా ఇంట్లో ఒక మనవడైనా లేకుండా. ఏ ఒక్కరోజూ ఖాళీ పోకుండా వరసగా చస్తారేమిటే వాళ్లింట్లో? ఆవిడ వాళ్లలో ఒక్కరికోసమైనా ఒక్క కన్నీటి బొట్టు రాల్చిందా? నువ్వు చూశావా? చూసి ఉండవు.

పదకొండుమంది తల్లుల వేలిముద్రలు పొయ్యిలో వేశానని ఎంత తేలిగ్గా రాశావు! ఒట్టీలియా అర్జీ సంగతి అడిగితే మాట మార్చాను. నా చెల్లెలు కాల్చేసిందని ఏ మొహంతో చెప్పను? నిన్ను వీపున కట్టుకుని మోశానని రాశావు. అవును, మోశాను. ఆ బరువు ఇప్పుడు తెలుస్తోంది.

ఇక రాయకు.

వాల్బుర్గా


లారెన్‌బుర్గ్ కోట, సెప్టెంబరు 22

అక్కా,

రాయకన్నావు, రెండే ముక్కలు. ఆపిల్ ముక్కలు ఎండబెట్టి పంపుతున్నాను. బావకి దగ్గు తగ్గిందా? నువ్వు ఎన్ని తిట్టినా నా రోజు ప్రార్థన నీ పేరుతోనే మొదలవుతుంది.

సెంజీ


రీడ్‌బాక్, నవంబరు 14

నా బంగారు సెంజీ,

ఏడుస్తూ నవ్వుతూ రాస్తున్నాను. కాగితం తడిస్తే అది సంతోషమే అనుకో. వాళ్లు తీసుకెళ్లడం లేదు! కిలియన్ ఎక్కడికీ వెళ్లడం లేదు! నది గడ్డకట్టింది, పడవలు కదలవు. సోమవారం నాటి మార్టిన్ పండుగ లోపల ఒప్పందం మీద ముద్ర పడలేదని ఆ సముద్రం అవతలి రాజుగారి మనిషి సామాను సర్దుకుని వెళ్లిపోయాడట. ఊరిపెద్ద జాబితా తెచ్చి అందరి ముందూ చింపేశాడు. కిలియన్ చీపురుకర్ర విరిచి పొయ్యిలో పెట్టి, "అమ్మా, ఇక ఇల్లు నువ్వు చేత్తోనే ఊడ్చుకో" అన్నాడు. కొట్టబోయి ముద్దు పెట్టుకున్నాను.

నిన్న చర్చిలో స్తుతిగీతం పాడారు. రాజుగారు తండ్రిలాంటివారని, మనసొప్పక ముద్ర వేయలేదని ఫాదర్‌గారు ప్రసంగంలో చెప్పారు. మంత్రిగారికోసం కూడా మోకరించాం. నేను ఎప్పటికీ ఆ ఇద్దరి పేర్లూ మరువను. కొత్త గంట పోయించి దానిమీద రాజుగారి పేరు చెక్కించాలని ఊరంతా అనుకుంటున్నాం.

రేపటితో నలుపు కూడా అయిపోతుంది. అన్నీ తేలిపోయాక తీరిగ్గా తీస్తోంది కాకిరాణి! పోనీలే, ఇవాళ ఆవిడని కూడా ఏమీ అనను. నిన్నూ క్షమించాను. నువ్వు చిన్నదానివి, కోటలో భయపడి ఉంటావు. ఆ అర్జీ సంగతి మరిచిపోయాను. క్రిస్మస్ ముందు అడ్వెంట్ ఉపవాసాలు వస్తున్నాయి, అప్పుడు పెళ్లిళ్లు చేయరు కాబట్టి పెళ్లి జనవరిలో. తప్పక రావాలి.

నీ అక్క,
వాల్బుర్గా


లారెన్‌బుర్గ్ కోట, నవంబరు 20

అక్కా,

ఇది ఒట్టీలియా చేతికి ఇస్తున్నాను. దారపు ఉండల మధ్య చుట్టి తెస్తుంది. చదివి పొయ్యిలో వెయ్యి. బావకి చెప్పకు. చెబితే ఆయన సత్రంలో రెండో గ్లాసు బీరు దగ్గర అందరికీ చెప్పేస్తాడు. ఇన్నాళ్లూ నీకు చెప్పకపోవడానికి అదొక కారణం. రెండోది, బండిలో వచ్చే ఉత్తరాలన్నీ మంత్రిగారి గదిలో ఆవిరి మీద విప్పి చదువుతారు. నీ మైనం పగలడంలో తప్పు నీది కాదు.

కిలియన్‌ని ఆపింది రాజుగారు కాదక్కా. మంత్రిగారు అసలే కాదు. ఆ ఒప్పందం తెచ్చిందే ఆయన.

ఏప్రిల్‌లో ఒకరోజు ఫలహారం వేళ రాణీగారు రాజుగారిని బతిమాలారు. నేను పక్కగదిలో అంచు కుడుతున్నాను, విన్నాను. "మనుషుల్ని అద్దెకివ్వకండి" అన్నారు. ఆయన గుడ్డు పెంకు ఒలుచుకుంటూ, "నీకెందుకివన్నీ? పిల్లల్ని కనడం, ప్రార్థనలు చేసుకోవడం, అది చాలదా?" అన్నారు. ఆ మధ్యాహ్నమే ఆవిడ మర్యాదల పుస్తకం తెప్పించుకుని మొదటి పేజీనుంచి చివరిదాకా చదివారు.

నీకు తెలియంది ఒకటుంది. నలుపు పెట్టినన్నాళ్లూ చర్చిలో చాటింపు ఒక్కటే కాదు, కోటలో రాజముద్ర కూడా ఆగిపోతుంది. దానికి నల్లగుడ్డ చుట్టి పెట్టెలో పెడతారు. పెద్దరాజుగారు ఒకసారి నలుపులోనే దాన్ని విప్పి ముద్ర వేశారు. నెల తిరక్కముందే పెద్దకొడుకు గుర్రం మీదనుంచి పడి పోయాడు. అప్పట్నించీ మన రాజుగారు ఆ నల్లగుడ్డ జోలికి పోరు, దాన్ని చూస్తేనే ఆయనకి భయం.

మే నెలలో ఆ ముసలావిడ పోయిన కబురు రాగానే రాణీగారు నన్ను పిలిచారు. "సెంజీ, నల్లబట్ట ఎంత ఉంది?"

"ఒక గౌనుకి సరిపోతుందమ్మగారూ."

"చాలదు. నవంబరు దాకా కావాలి."

మార్టిన్ పండుగ దాటితే ఒప్పందం చెల్లదని ఆవిడకి తెలుసు, ఆ మాటకి అర్థం నాకు అప్పుడు తెలియలేదు. తరువాత ఒక్కొక్కటే చెప్పారు. చెప్పుకోవడానికి ఆవిడకి ఇక్కడ నేను తప్ప ఎవరున్నారు? అందరూ మాటలు మోసేవాళ్లే. మేనమామ ఏప్రిల్ చివరలోనే పోయాడు. ఆ ఉత్తరం నల్లపూసల పెట్టెలో దాచి, మొదటి నలుపు అయ్యే రోజున బయటపెట్టారు. రెండు చావులకీ నలుపు ఒకేసారి నడిస్తే రోజులు వృథా అవుతాయి. ఒకటి అయ్యాక ఒకటి నడవాలి. ఆగస్టులో నువ్వు అడిగావే, ఏ ఒక్కరోజూ ఖాళీ పోకుండా వరసగా చస్తారేమిటని. వాళ్లు వరసగా చావలేదక్కా. ఆవిడ వరసలో పెట్టారు.

నీ అర్జీ ఎందుకు కాల్చానో ఇప్పుడు తెలుసుకో. జనమే నలుపు ఎత్తేయమంటున్నారని రాజుగారికి చూపించడానికి అలాంటి కాగితం కోసమే మంత్రిగారు వెతుకుతున్నారు. పదకొండు వేలిముద్రలు ఆయనకి దొరికితే నల్లగుడ్డ ఆ పూటే విప్పేవారు. మీకు మూడు ఆదివారాలు కావాలి. ముద్ర వేయడానికి మైనం కరిగేంతసేపు చాలు. మొదటి చాటింపు కాకముందే కిలియన్ పడవలో ఉండేవాడు.

ఇక అసలుది. ఇది రాయాలంటేనే కష్టంగా ఉంది.

జులై రెండున రాణీగారి పుట్టింటి వైపు మఠంనుంచి ఒక ముసలి సన్యాసి వచ్చాడు. ఆవిడ తల్లి వైధవ్యం వచ్చాక ఆ మఠంలోనే ఉంటోంది. నేను గౌను అంచు కొలుస్తూ కింద మోకాళ్ల మీద ఉన్నాను. ఆవిడ ఉత్తరం చదివి మడిచారు. మన భాష ఆవిడకి ఇప్పటికీ తడుముకుంటూనే వస్తుంది. "సెంజీ, అమ్మ పోయింది" అన్నారు. నేను సిలువ గుర్తు వేసుకోబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. "ఇప్పుడు కాదు. మామయ్య నలుపు ఆగస్టు దాకా ఉంది. అది అయ్యాక అమ్మ. ఏడుపు తరువాత."

సన్యాసిని ఎవరికీ కనబడకుండా పంపేశారు. గుండె దగ్గర సంచీ కుట్టించింది ఆ ఉత్తరం పెట్టుకోవడానికే. ఆరు వారాలు, అక్కా! ఆరు వారాలు తల్లి ఉన్నదానిలాగే తిరిగారు. "మీ అమ్మగారు కులాసానా?" అని మంత్రిగారు భోజనాల దగ్గర అడిగితే, "చలికాలంలో కీళ్ల నొప్పులు, ఇప్పుడు నయం" అన్నారు. పక్కగదిలో నా చేతికి సూది గుచ్చుకుంది. ఆవిడ మామూలుగానే రొట్టె అందించమన్నారు.

ఆగస్టులో గంటలు మోగాక ఇక ఏడుస్తారనుకున్నాను. ఏడవలేదు. అప్పటికి మంత్రిగారు రోజూ రాజుగారి చెవిలో పోరుతున్నారు. రాజుగారు ఎప్పుడు మెత్తబడతారోనని ఈవిడ ఒక్క పూట కూడా ఆయన్ని వదలలేదు. ఏడ్చి పడుకుంటే కాపలా ఎవరు కాస్తారు? ఒక్క కన్నీటి బొట్టు రాల్చిందా అని అడిగావు. లేదక్కా. నేను చూశాను. రాల్చలేదు.

మొన్న కబురు తెలిశాక నేను సంతోషంతో ఆవిడ కాళ్ల మీద పడ్డాను. లేవదీసి, "పక్క రాజ్యంలో తీసుకున్నారు, సెంజీ. వాళ్లకీ తల్లులున్నారు" అన్నారు. తరువాత, "నా వాళ్లు ఇంకో ఇద్దరే మిగిలారు. వాళ్లు దీర్ఘాయుష్మంతులు కావాలని ప్రార్థించు" అని చిన్నగా నవ్వారు.

గంట మీద రాజుగారి పేరే చెక్కించండి. ఈ సంగతి బయటికి పొక్కితే ఇంకోసారికి ఈ దారి ఉండదు. పెళ్లికి రావడానికి సెలవు దొరకలేదు. తెల్లబట్టలు కుట్టే కాలం వచ్చింది, చాలా ఉన్నాయి.

నీ సెంజీ


రీడ్‌బాక్, 1777 జనవరి 16

సెంజీ, నా తల్లీ,

చదివాను. కాల్చాను. మీ బావ "పొయ్యి ముందు కూచుని అంతలా ఎందుకేడుస్తున్నావే?" అంటే పచ్చికట్టెల పొగ అన్నాను. రెండు రోజులు నాకు తిండి సహించలేదు. కాకిరాణి అన్న ఈ నోటిని ఏం చేసుకోను? ఇప్పుడు ఊళ్లో ఎవరైనా ఆ మాటంటే నేను చీపురు తీస్తున్నాను. ఎందుకో ఎవరికీ అర్థం కావడం లేదు. ముసలితనం అనుకుంటున్నారు, అనుకోనీ. నిన్నన్న మాటలకి నీ కాళ్లు పట్టుకోవాలి. అక్కని కాబట్టి పట్టుకోను, నువ్వే ఊహించుకో.

మంగళవారం పెళ్లైంది. ఫిడేళ్లు రెండు, తాళాలూ. మీ బావ దగ్గుతూనే మూడు పాటలకి ఎగిరాడు. నీ లేసు అఫ్రా తలమీద ఎంత బావుందో! ఒక్కొక్కరు ఒక్కొక్కసారి ముట్టుకుని చూశారు.

మర్నాడు పొద్దున మామూలుగానే రెండిళ్లలో పోయినవాళ్ల కోసం పూజ జరిగింది. నీకు తెలుసుగా, పేర్లు ముందే రాసి ఇవ్వాలి, ఫాదర్‌గారు బలిపీఠం దగ్గర చదువుతారు. నేను రాసిచ్చాను. మన అమ్మ, మన నాన్న, బ్లాసీ అన్నయ్య, మీ బావ తల్లిదండ్రులు. చివర్న ఇంకొక పేరు. రాణీగారి తల్లి పేరు నువ్వు నాకెప్పుడైనా రాశావా? లేదు. గంటలు మోగినప్పుడు ఊరిపెద్ద చదివిన కబురులో ఒక్కసారి వచ్చింది, నేను కోపంలో విని కూడా మరిచిపోలేదు. బెనెడెట్టా.

ఫాదర్‌గారు పేరు చూసి నన్ను పక్కకి పిలిచారు. "వాల్బుర్గా, ఇదెవరు? మన వైపు పేరులా లేదే. పెళ్లికూతురి తరఫా?"

"మా తరఫే ఫాదర్."

"మీ ఇంట్లో ఈ పేరుగలావిణ్ని నేనెప్పుడూ ఎరగనే."

"మా పిల్లాడికి అమ్మమ్మ వరస" అన్నాను. చర్చిలో అబద్ధం ఆడానని అనుకోకు. నాకది అబద్ధం అనిపించలేదు. నా కొడుకుని నాకు మిగిల్చింది ఎవరు? ఆ తల్లి చావే కదా. ఆవిడ కూతురు ఏడుపు దిగమింగింది కాబట్టే కదా నేను నా కొడుకు పెళ్లిలో నవ్వాను.

చదివారు, సెంజీ. నాలుక తిరక్క రెండుసార్లు తడబడి గట్టిగా చదివారు. అందరూ మోకరించారు. కిలియన్ కూడా, ఎవరో ఏమిటో తెలియకుండానే. ఇకమీదట మా ఇంటి చావులు చదివిన ప్రతిసారీ, పోయినవాళ్లని తలుచుకునే ప్రతి నవంబరులోనూ, ఆ పేరు చదివిస్తాను. నేను పోయాక అఫ్రా చదివిస్తుంది, మాట తీసుకున్నాను.

ఈ ఒక్క సంగతి రాణీగారి చెవిలో వెయ్యి. దీంతో మా మైదానంలో చలువ చేసిన నారబట్ట పన్నెండు మూరలు పంపుతున్నాను. మంచు మీద ఆరేసింది, ఇంత తెలుపు ఏడాదికి ఒక్కసారే వస్తుంది. నలుపు తీసేశాక కట్టుకోమను.

నీ అక్క


లారెన్‌బుర్గ్ కోట, ఫిబ్రవరి 2

అక్కా,

చెప్పాను. పొద్దున్న జుట్టు దువ్వుతున్నప్పుడు గదిలో ఎవరూ లేకుండా చూసి చెప్పాను. ఆవిడ అద్దంలోంచి నన్ను చూస్తూ విన్నారు. "మీ ఫాదర్ ఎలా పలికారు?" అని అడిగారు. నువ్వు రాసినట్టే తడబడి పలికి చూపించాను.

అప్పుడు ఏడ్చారక్కా. చిన్నపిల్ల ఏడ్చినట్టు, నోరు తెరిచి, నా నడుం పట్టుకుని. చాలాసేపు ఏడ్చారు. నేనూ ఆపలేదు.

మొహం కడుక్కున్నాక ఆ నల్లరవికె తెప్పించి, సంచీలోంచి ఉత్తరం తీసి ప్రార్థన పుస్తకంలో పెట్టుకున్నారు. "ఇక ఈ సంచీ వద్దు" అన్నారు. "మీ అక్కకి చెప్పు" అంటూ ఇంకేదో అనబోయి, మన భాషలో మాట దొరక్క, నా చెయ్యి ఊరికే నొక్కారు.

కిటికీ దగ్గర కూచుని ఆ కుట్లు నేనే విప్పాను. ఇవాళ నీ తెల్లబట్ట కత్తిరిస్తున్నాను.

నీ సెంజీ